తిలక్ వర్మకి ఒకే రకం పాత్రలేనా?

తిలక్ వర్మకి 2025 నవంబర్ 8తో 23 నిండాయి. ఇంజినీరింగ్ అయిపోయి, ఆఫర్ లెటర్ ఎప్పుడొస్తుందా అని రోజుకి ఇరవైసార్లు ఇన్‌బాక్స్ తెరిచి చూసుకున్న వయసు నాకది. అతనేమో ఈపాటికే అంతర్జాతీయ టీ20ల్లో వరుసగా రెండు సెంచరీలు కొట్టేశాడు, పాకిస్తాన్ మీద ఆసియా కప్ ఫైనల్ గెలిపించేశాడు. ముంబై ఇండియన్స్ 8 కోట్లిచ్చి అట్టిపెట్టుకుంది. ఇంకేం, లైఫ్ సెట్ అంటున్నారు మా ఆఫీసులో. నాకు మాత్రం అసలు సినిమా ఇంకా మొదలవలేదనిపిస్తోంది. ఆ సినిమాకి ఒక చిన్న గండం కూడా ఉందనిపిస్తోంది.

గండానికి పేరు పెట్టింది నా రూమ్మేట్. మేముండేది ఫిల్మ్‌నగర్‌లో. పేరు వినగానే బంగళాలూ, గేటు ముందు బౌన్సర్లూ ఊహించుకోకండి. ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో, కల్చరల్ సెంటర్ క్లబ్బూ ఉన్నది గుట్ట పైన. కింద బస్తీలో ఇరుకు గల్లీలున్నాయి, రెండు గదుల పోర్షన్లున్నాయి. మాది కింద బ్యాచ్. నేను పొద్దున్నే రోడ్ నంబర్ 45 మీదుగా కేబుల్ బ్రిడ్జి దాటి ఆఫీసుకి పోతాను, వాడు అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఏ సెట్‌కి పిలిస్తే ఆ సెట్‌కి పోతాడు. సెప్టెంబర్ 28 రాత్రి ఫైనల్ అయిపోయాక గల్లీ అంతా టపాసులు పేలుస్తుంటే వాడు మాత్రం తల గీరుకుంటూ అన్నాడు: "మామా, రేపట్నుంచి వీణ్ని ఛేజింగ్ హీరో అంటార్రా. ఒక ముద్ర పడిందంటే ఇంక వేరే పాత్రలు రావు."

వాడికి క్రికెట్ తెలిసింది తక్కువే. ముద్రలంటే ఏంటో మాత్రం బాగా తెలుసు. కృష్ణానగర్‌లో ఒక్కసారి పోలీసు డ్రెస్సు నప్పిన మనిషి జీవితాంతం కానిస్టేబులే. ఒక సినిమాలో కామెడీ పండితే ఇక ఏడిపించే వేషం ఎవరూ ఇవ్వరు. తిలక్ విషయంలో ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. ఆ వారమంతా అతని ఇన్నింగ్స్‌లన్నీ తిరగేసుకుంటూ కూర్చున్నాను. ఆ లెక్కలోకి తర్వాత వద్దాం, ముందు కుర్రాడు ఎక్కణ్నుంచి వచ్చాడో చూద్దాం.

పాతబస్తీ చివర చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్ అని ఉంది. పదకొండేళ్ల వయసులో అక్కడి గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్‌తో ఆడుతుంటే సలాం బయాష్ అనే కోచ్ కంట్లో పడ్డాడు తిలక్. నాన్న నంబూరి నాగరాజు గారు ఎలక్ట్రీషియన్. క్రికెట్ కిట్టు కొనివ్వడమే కష్టమైన ఇల్లు. ఇక అకాడమీ ఎక్కడో తెలుసా? లింగంపల్లిలో! హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, ఊరికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి. రానూపోనూ కాదు, ఒక్క వైపే దాదాపు 40 కిలోమీటర్లు. ఫీజు కోచ్ తీసుకోలేదు. సరంజామా చూసుకున్నాడు, తన బండి మీదే ఎక్కించుకుని తీసుకెళ్లాడు. చివరికి తల్లిదండ్రుల్ని ఒప్పించి, కుటుంబాన్నే అకాడమీకి దగ్గర్లోకి మార్పించాడు. బంధువు కాని మనిషి అలా చేయడం ఎంత అరుదో, కోచింగ్ సెంటర్ల ఊళ్లో పెరిగిన మనకి తెలియంది కాదు.

2018 డిసెంబర్‌లో, పదహారేళ్లకే హైదరాబాద్ రంజీ జట్టులోకి వచ్చాడు. 2020 అండర్-19 ప్రపంచకప్ ఫైనల్లో బంగ్లాదేశ్ మీద మన జట్టు 177కే కుప్పకూలితే, జైస్వాల్ 88 తర్వాత పెద్ద స్కోరు తిలక్ 38. ఆ ఫైనల్ ఓడిపోయాం. 2022 వేలంలో కనీస ధర 20 లక్షలున్న కుర్రాణ్ని ముంబై కోటీ 70 లక్షలకి కొనుక్కుంది. ఆ సీజన్‌లో ముంబై అట్టడుగున పదో స్థానంలో నిలిచింది. ఇతను మాత్రం 14 మ్యాచ్‌ల్లో 397 పరుగులు చేశాడు. ఫ్లాప్ సినిమాలో పేరు తెచ్చుకున్న కొత్త హీరో అన్నమాట. ఆ డబ్బుతో ముందుగా ఏం చేస్తావంటే అమ్మానాన్నలకి ఇల్లు కొంటానన్నాడు.

ఇక్కడ కాస్త అమెరికా వెళ్లొద్దాం. అక్కడి బేస్‌బాల్‌లో ఎంత మొనగాడైనా సరే, డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యాక మైనర్ లీగ్‌లో మెట్టుమెట్టూ ఎక్కాలి. సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అంటూ చిన్న ఊళ్లలో, చిన్న స్టేడియాల్లో, బస్సు ప్రయాణాల మధ్య ఏళ్లు గడుస్తాయి. కుమార్ రాకర్ అనే పిచ్చర్ ఉన్నాడు. నాన్న ట్రేసీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, అమ్మ లలిత భారతీయ మూలాలున్న కుటుంబం అమ్మాయి. కాలేజీ మొదటి ఏడాదిలోనే, 2019లో, ఒక పెద్ద మ్యాచ్‌లో ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంచుకుంది. వైద్యపరీక్షల రిపోర్టు చూసి వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది టెక్సస్ రేంజర్స్ ఏకంగా మూడో స్థానంలో తీసుకుంది. తర్వాత మోచేతికి ఆపరేషన్. చివరికి మేజర్ లీగ్‌లో మొదటి బంతి విసిరింది 2024 సెప్టెంబర్‌లో. అంటే దేశమంతా పేరు తెలిసిన ఐదేళ్లకి!

మన దగ్గర ఆ మెట్లు లేవు. వేలంలో సుత్తి పడితే వచ్చే నెలలో వాంఖడేలో ఉంటాడు. 19 ఏళ్లకే కోట్లాదిమంది ఫోన్లలో లైవ్. అదృష్టమే, కాదనను. కానీ ఒంటికి అది తెలియదు కదా.

తిలక్ ఒళ్లు 2022లోనే ఎదురుతిరిగింది. ఈ సంగతి 2025 అక్టోబర్‌లో ఒక ఇంటర్వ్యూలో తనే చెప్పేదాకా బయటికి రాలేదు. మొదటి ఐపీఎల్ అయ్యాక విశ్రాంతి రోజుల్లో కూడా జిమ్ మానలేదట. ఇంకా ఫిట్ అవ్వాలి, ఇంకా బలం పెంచాలి అని అదే పని. ఆ తర్వాత ఎ జట్టుతో బంగ్లాదేశ్ వెళ్లి బ్యాటింగ్ చేస్తుండగా చేతివేళ్లు కదలడం మానేశాయి. చేతులు ఎంత బిగుసుకుపోయాయంటే గ్లోవ్స్ కత్తిరించి తీయాల్సొచ్చింది. తేలింది రాబ్డోమయోలిసిస్. విపరీతమైన శ్రమకి కండరాలు దెబ్బతిని, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడే జబ్బు. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. ముంబై యాజమాన్యం, క్రికెట్ బోర్డు వెంటనే కదిలి చికిత్స ఇప్పించాయని చెప్పాడు. జిమ్ రీల్స్ చూసి క్రియాటిన్ డబ్బాలు ఆర్డర్ పెట్టే మా ఆఫీసు బ్యాచ్‌కి ఆ వీడియో లింక్ పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

కోలుకున్నాడు. 2023 ఆగస్టు 3న ట్రినిడాడ్‌లో తొలి అంతర్జాతీయ టీ20 ఆడాడు. ఎదుర్కొన్న రెండో బంతి సిక్స్, మూడో బంతి సిక్స్, అదీ అల్జారీ జోసెఫ్ లాంటి ఫాస్ట్ బౌలర్‌ని. 22 బంతుల్లో 39. ఎంట్రీ సీన్ అంటే ఇలా ఉండాలి. అయినా 2024 ప్రపంచకప్ జట్టులో చోటు దక్కలేదు. అదే ఏడాది నవంబర్‌లో దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడు మూడో నంబర్‌లో ఆడతానని కెప్టెన్ సూర్యకుమార్‌ని అడిగాడు, సూర్య తన స్థానం ఇచ్చేశాడు. సెంచూరియన్‌లో 56 బంతుల్లో 107 నాటౌట్. రెండ్రోజుల తర్వాత జొహానెస్‌బర్గ్‌లో 47 బంతుల్లో 120 నాటౌట్. ఇంటికొచ్చి వారం తిరక్కుండా రాజ్‌కోట్‌లో మేఘాలయ మీద హైదరాబాద్ తరఫున 67 బంతుల్లో 151. టీ20ల్లో వరుసగా మూడు ఇన్నింగ్స్‌ల్లో మూడు సెంచరీలు అంతకుముందు ప్రపంచంలో ఎవరూ కొట్టలేదు.

ఇదిగో, మొదటి ముద్ర ఇక్కడ పడింది: దంచుడు బ్యాట్స్‌మన్.

దాని ఫలితం 2025 ఏప్రిల్ 4న లక్నోలో తెలిసింది. 204 పరుగుల ఛేజింగ్. తిలక్ 23 బంతుల్లో 25 దగ్గర ఉన్నాడు, బ్యాటుకి బంతి సరిగ్గా తగలడం లేదు. ఇంకా ఏడు బంతులుండగా జట్టు యాజమాన్యం అతన్ని 'రిటైర్డ్ అవుట్' చేసి సాంట్నర్‌ని పంపింది. ఔట్ కాలేదు, దెబ్బ తగల్లేదు, అయినా బయటికి నడవాలి. ఐపీఎల్ చరిత్రలో అలా వెళ్లినవాళ్లలో ఇతను నాలుగోవాడు. మ్యాచ్ 12 పరుగులతో పోయింది కూడా. ఆ నిర్ణయం లెక్క ప్రకారం తప్పని గట్టిగా చెప్పలేను. టీ20లో ఒక్కో బంతికి విలువ కడతారు, ఏడు బంతులంటే చిన్న విషయం కాదు. కానీ సెంచరీల మీద సెంచరీలు కొట్టిన కుర్రాణ్ని ఒక్క సాయంత్రం బంతి తగలనందుకు పక్కకి తప్పించడం చూస్తే నాకు మాత్రం గుటక పడలేదు. అతను ఎక్కడా నోరు జారలేదు. మూడు రోజుల తర్వాత బెంగళూరు మీద 29 బంతుల్లో 56, ఆ తర్వాత ఢిల్లీ మీద 33 బంతుల్లో 59. జవాబంతా బ్యాటుతోనే.

ఇప్పుడు నేను తిరగేసిన లెక్కలోకి వద్దాం. సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, ఎక్సెల్ షీట్ తెరవకపోతే నిద్ర పట్టదు. జొహానెస్‌బర్గ్ 120కి స్ట్రైక్ రేట్ 255. సెంచూరియన్‌లో 191. చెన్నైలో 2025 జనవరిలో ఇంగ్లండ్ మీద ఒకవైపు వికెట్లు పడుతుంటే చివరిదాకా నిలబడి, రెండు వికెట్లు మిగిలుండగా గెలిపించిన 72 నాటౌట్‌కి 55 బంతులు పట్టాయి, అంటే 131. ఆసియా కప్ ఫైనల్లో 20 పరుగులకే మూడు వికెట్లు పోయాక, 147 లక్ష్యం కోసం 53 బంతుల్లో చేసిన 69 నాటౌట్‌కి 130. ఇక అందరూ మర్చిపోయేది ఒకటుంది. 2025 జూన్‌లో ఇంగ్లండ్ కౌంటీల్లో హాంప్‌షైర్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే ఎసెక్స్ మీద సెంచరీ కొట్టాడు. 241 బంతులు ఆడి సరిగ్గా 100. స్ట్రైక్ రేట్ 41!

255, 131, 41. ఒకే మనిషి, ఏడాది కూడా తిరక్కుండా. నా దృష్టిలో తిలక్ అసలు సరుకు ఇదీ. దంచడం వచ్చినవాళ్లు మన దేశంలో జిల్లాకి పదిమంది దొరుకుతారు ఇప్పుడు. పరిస్థితిని బట్టి గేరు మార్చి, అవసరమైతే మొదటి గేరులోనే రోజంతా బండి నడపగలిగినవాళ్లు తక్కువ. ఫైనల్లో అందరికీ గుర్తుండేది రవూఫ్ వేసిన చివరి ఓవర్లో కొట్టిన సిక్సర్. నేను మాత్రం శాంసన్‌తో కలిసి 57, శివమ్ దూబేతో కలిసి 60 జోడించిన మధ్య ఓవర్లని మళ్లీమళ్లీ చూశాను. ఎవరో ఒకరు ఎగరగొట్టి ఔటైపోయేలా ఉన్న ఒత్తిడిలో, ఒంట్లు తీసుకుంటూ కూర్చున్నాడు. రీల్‌కి పనికిరాని ఆట. కప్పు తెచ్చింది అదే.

(కప్పు తెచ్చింది అన్నానా? ఆ రాత్రి ట్రోఫీ మనవాళ్లు అందుకోనేలేదు, అది వేరే కథ.)

ఆ తర్వాత మా ఇండస్ట్రీ ఊరుకుంటుందా? అక్టోబర్‌లో 'మన శంకర వరప్రసాద్ గారు' సెట్‌కి పిలిచి చిరంజీవి గారు శాలువా కప్పి సన్మానించారు. ఆ ఫొటోలు మా గల్లీలో రెండు రోజులు స్టేటస్‌లుగా తిరిగాయి. సంతోషమే. కానీ మా రూమ్మేట్ చెప్పిన రెండో ముద్ర, అదే 'ఛేజింగ్ హీరో', ఆ వారంలోనే గట్టిగా అంటుకుంది.

ముద్ర మార్చుకోవడం అసాధ్యమేం కాదు. మా గుట్ట మీదే సాక్ష్యం ఉంది. ఆటో డ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్ 2017లో తొలి అంతర్జాతీయ టీ20లో నాలుగు ఓవర్లకి 53 ఇచ్చాడు. ఐపీఎల్‌లో పరుగులిచ్చినప్పుడల్లా, వెళ్లి మీ నాన్నలాగే ఆటో తోలుకోమని తిట్టినవాళ్లున్నారు. 2020 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో టెస్ట్ క్యాప్ వచ్చింది. అప్పటికి నెల కిందటే నాన్న పోయారు, అయినా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు. 2025లో ఇంగ్లండ్‌లో ఐదుకి ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో ఆరు పరుగుల తేడాతో గెలిచిన మ్యాచ్‌లో చివరి వికెట్ అతనిదే. తెలంగాణ ప్రభుత్వం అతనికి డీఎస్పీ ఉద్యోగంతో పాటు జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 78లో 600 గజాల స్థలం ఇచ్చింది. 600 గజాలు, అదీ అక్కడ! నా ఈఎంఐ కాలిక్యులేటర్‌లో అన్ని సున్నాలు పట్టవు. టీ20లో దెబ్బలు తిన్నవాడు టెస్టుల్లో నిలబడ్డాడంటే, అతనికి తెల్ల డ్రెస్సులో వరుసగా మ్యాచ్‌లు దొరికాయి కాబట్టి.

రెండో వైపు కథ కూడా హైదరాబాద్‌దే. అంబటి రాయుడు. 2002లో, పదిహేడేళ్ల వయసులో ఆంధ్ర మీద ఒకే రంజీ మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ. 2004లో అండర్-19 ప్రపంచకప్ జట్టుకి కెప్టెన్. తర్వాతి సచిన్ ఇతనే అన్న రోజులవి. ఆ తర్వాత గొడవలు, జట్టు మారడాలు, 2007లో ఐసీఎల్‌లోకి వెళ్లి దారి మూసుకుపోవడం. భారత్ తరఫున మొదటి మ్యాచ్ ఆడేసరికి 2013, వయసు 27. వన్డేల్లో 55 మ్యాచ్‌లు, 47 సగటు. ఎవరికైనా గర్వపడే లెక్కే. టెస్టులు మాత్రం సున్నా. రాయుడిలో దమ్ము లేక కాదు. ఆ వయసులో ఏ దారిలో పెట్టారన్నదే తేల్చేసింది.

మణికట్టు ఆటకి పేరున్న ఊరు మనది. మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన అజహరుద్దీన్ ఇక్కడివాడే. 2023లో జూబ్లీహిల్స్ నుంచి అసెంబ్లీకి పోటీ చేసి ఓడిపోయి, 2025 అక్టోబర్ 31న మంత్రి అయ్యాడు. ఉప ఎన్నిక ప్రచారంలో మా చాయ్ బండి దగ్గర ఆయన పేరొస్తే రాజకీయం కన్నా ముందు లెగ్ సైడ్ ఫ్లిక్ గురించే వాదన జరిగింది. తర్వాత లక్ష్మణ్. ఆ వరుసలో తర్వాతి పేరు తిలక్‌ది కావాలని నాకుంది. చాలామందికి ఆ ఆలోచనే రావట్లేదు, ఎందుకంటే అతను ఎర్రబంతితో ఆడేది చూసినవాళ్లు తక్కువ. రంజీల్లోకి వచ్చి ఏడేళ్లు. 2025 జూన్‌లో ఇంగ్లండ్ విమానం ఎక్కేనాటికి అతను ఆడిన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఇరవై కూడా లేవు. అప్పటికి ఆడినవాటిలో సగటు 50 చుట్టూ ఉంది, సెంచరీలు ఐదు. ఆడించండి మహాప్రభో అని ఆ అంకెలే అరుస్తున్నాయి.

మరి ఆడేదెప్పుడు? క్యాలెండర్ చూడండి. 2025-26 సీజన్‌లో హైదరాబాద్ రంజీ కెప్టెన్సీ అతనికే ఇచ్చారు, కానీ టీమిండియా పిలుపొస్తే వెళ్లక తప్పదు. రంజీ రెండో విడత మొదలయ్యేది 2026 జనవరి 22న. న్యూజిలాండ్‌తో టీ20లు మొదలయ్యేది జనవరి 21న. ఆ సిరీస్ అయ్యీ అవ్వగానే ఫిబ్రవరి 7 నుంచి ఇక్కడా శ్రీలంకలోనూ టీ20 ప్రపంచకప్. అది అయిపోగానే ఐపీఎల్. నేను ప్రాజెక్ట్ ప్లాన్ వేసినట్టు షీట్‌లో రంగులేసి చూశాను. మే చివరిదాకా ఎర్రబంతికి ఖాళీ గడి ఒక్కటీ దొరకలేదు.

ఒక్కటే సందు కనిపిస్తోంది, మళ్లీ ఇంగ్లండ్ కౌంటీలే. ఐపీఎల్ అయ్యాక జూన్, జులైల్లో ఒక జట్టు పిలిస్తే, బోర్డు సరేనంటే, అక్కడ ఓ నాలుగైదు మ్యాచ్‌లు పడతాయి. 2022లో వేళ్లు బిగుసుకుపోయిన ఒంటికి ఆ రెండు నెలలు విశ్రాంతి ఇవ్వాలా, ఎర్రబంతి ఇవ్వాలా అన్నది అతనూ, బోర్డు డాక్టర్లూ కూర్చుని తేల్చుకోవాలి. ఈ ప్రశ్న మా రూమ్మేట్‌ని అడిగితే, హీరో డేట్స్ ఎప్పుడూ నిర్మాత చేతిలోనే ఉంటాయిరా అని ఫోన్‌లో తలదూర్చాడు. మర్నాడు ఐదింటికి వాడికి కాల్‌షీట్ ఉంది.